ఒకే పాట, రెండు స్టూడియోలు: బడీ హాలీ రికార్డులు ఎలా తయారయ్యాయి?

శ్రుతిపెట్టె (విజయవాడ):

మిత్రులకు నమస్కారం. ఇంట్లో ఒక చిన్న గదిని సిద్ధం చేసుకుని పాటలు రికార్డు చేసే అలవాటు నాకుంది. కొంతకాలంగా 1950ల నాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ రికార్డులను, ఏ శబ్దాన్ని ఎలా పట్టుకున్నారన్న దృష్టితో వింటున్నాను. ఆ క్రమంలో టెక్సస్ రాష్ట్రంలోని లబ్బాక్ పట్టణానికి చెందిన గాయకుడు బడీ హాలీ దగ్గర ఆగిపోయాను. కారణం ఆయన మొదటి పెద్ద హిట్ 'దటిల్ బీ ద డే'.

ఈ పాటను ఆయన రెండుసార్లు రికార్డు చేశారు. 1956 జూలై 22న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో డెక్కా అనే రికార్డుల కంపెనీ కోసం ఒకసారి పాడారు. 1957 ఫిబ్రవరి 24 రాత్రి మొదలై తెల్లవారే దాకా సాగిన సెషన్‌లో, న్యూమెక్సికో రాష్ట్రంలోని క్లోవిస్ అనే చిన్న పట్టణంలో మళ్ళీ పాడారు. మొదటిదాన్ని కంపెనీ విడుదల చేయకుండా పక్కన పెట్టేసింది. రెండోది 1957 మే నెలలో విడుదలై, సెప్టెంబరుకల్లా అమెరికాలో అమ్మకాల జాబితా మొదటి స్థానానికి, నవంబరులో బ్రిటన్‌లో కూడా మొదటి స్థానానికి చేరింది. రెండు రికార్డులనూ వెంటవెంటనే పెట్టుకుని విన్నాను. పాట అదే, గొంతు అదే, డ్రమ్స్ వాయించిన జెర్రీ అలిసన్ రెండింటిలోనూ ఉన్నారు. అయినా నాష్‌విల్ రికార్డులో గొంతు పైస్థాయిలో బిగుసుకుపోయి, పాటను ఎలాగైనా పూర్తిచేయాలన్న ఆత్రం వినిపిస్తుంది. క్లోవిస్ రికార్డులో అదే మనిషి తాపీగా, తన మాట మీద తనకు పూర్తి నమ్మకం ఉన్నవాడిలా పాడతాడు.

నా ప్రశ్న ఇదే. ఈ ఏడు నెలల్లో మారిందేమిటి? పరికరాలు మారాయా, ఇంజినీరు మారారా, గాయకుడే ఎదిగాడా? తరువాత వచ్చిన 'పెగీ సూ', 'ఎవ్రీడే' వంటి సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు) కూడా ఇదే పద్ధతిలో తయారయ్యాయా? పరికరాల పేర్ల కంటే, ఆ గదిలో పని ఎలా జరిగిందో చెప్పగలిగితే ఎక్కువ సంతోషిస్తాను.


పాతరికార్డులు (సికింద్రాబాద్):

శ్రుతిపెట్టె గారికి నమస్కారం. మంచి ప్రశ్న అడిగారు. నాకు అర్థమైనంతలో, అన్నిటికన్నా ముందు మారింది సమయానికి లెక్కగట్టే పద్ధతి. మిగిలిన మార్పులన్నీ దాని వెంట వచ్చినవే.

నాష్‌విల్‌లో ఓవెన్ బ్రాడ్లీ స్టూడియో చిన్నదేమీ కాదు. అక్కడి వాద్యకారులు దేశంలోనే పేరున్నవారు. అయితే అక్కడ పని సెషన్ల లెక్కన జరిగేది. సెషన్ అంటే సుమారు మూడు గంటలు, ఆ మూడు గంటల్లో నాలుగు పాటలైనా తేలాలి. మీరు చెప్పిన జూలై 22 సెషన్‌లో బడీ హాలీ ఐదు పాటలు పాడారు. పాటకు ముప్పావు గంట కూడా దక్కలేదన్నమాట. అంత తక్కువ వ్యవధిలో శ్రుతి ఎక్కువైందని ఎవరికైనా అనిపించినా, దించి మళ్ళీ మొదటి నుంచి పాడి చూద్దామనే వెసులుబాటు ఉండదు. మీరు విన్న బిగువుకు మొదటి కారణం ఆ పాటను ఆయన గొంతుకు సౌకర్యం కాని పైశ్రుతిలో పాడించడమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాష్‌విల్‌లో పరాయి వాద్యకారులు వాయించబట్టే పాట చెడిందని చాలామంది రాస్తుంటారు. ఆ ఏడాది జనవరిలో జరిగిన మొదటి సెషన్‌కు ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది, ఎందుకంటే అప్పుడు రిథమ్ గిటారును కూడా నాష్‌విల్ వాద్యకారుడు గ్రేడీ మార్టిన్ వాయించారు. జూలై సెషన్‌లో మాత్రం సానీ కర్టిస్, డాన్ గెస్, జెర్రీ అలిసన్ ఉన్నారు. ముగ్గురూ లబ్బాక్ నుంచి వెంట వెళ్ళిన స్నేహితులే. కాబట్టి ఆ వైఫల్యాన్ని వాద్యకారుల మీదకు నెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు క్లోవిస్ సంగతి. లబ్బాక్‌కు దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణంలో నార్మన్ పెటీ అనే ఆర్గన్ వాద్యకారుడు సొంతంగా స్టూడియో కట్టుకున్నారు. ఆయన తన ముగ్గురు సభ్యుల బృందంతో చేసిన రికార్డుల సంపాదనను ఆ గదిలోనే పెట్టారు. బడ్డీ నాక్స్ 1957లో దేశమంతా మోగించిన 'పార్టీ డాల్' కూడా అంతకుముందు ఏడాది అక్కడ రికార్డు చేసిందే. పెటీ గంటల లెక్కన డబ్బు తీసుకునేవారు కాదు. పాటకు ఇంత అని మాట్లాడుకునేవారు. ఆ పాట ఒక పూటలో తేలినా, రాత్రంతా పట్టినా అదే రుసుము. ఫిబ్రవరి 24 రాత్రి బడీ హాలీ బృందం రికార్డు చేసినవి రెండే పాటలు, ఒకటి 'దటిల్ బీ ద డే', రెండోది దాని వెనుక వైపుకు వెళ్ళిన 'ఐయామ్ లుకింగ్ ఫర్ సమ్‌వన్ టు లవ్'. అక్కడ ఒక సెషన్‌కు ఐదు పాటలు, ఇక్కడ ఒక రాత్రికి రెండు. మీ ప్రశ్నకు జవాబులో సగం ఈ రెండు అంకెలలోనే ఉందని నా నమ్మకం.

ఇంకొక మాట. ఆ రాత్రి వాళ్ళు హిట్ రికార్డు చేయాలని కూర్చోలేదు. వేరే కంపెనీలకు వినిపించడానికి ఒక నమూనా తయారు చేసుకున్నారు. డెక్కాతో కుదిరిన ఒప్పందం ప్రకారం, అక్కడ రికార్డు చేసిన పాటలను ఐదేళ్ళ దాకా మరెవరి కోసమూ పాడకూడదు. ఫిబ్రవరి 28న బడీ హాలీ డెక్కా అధికారి పాల్ కోహెన్‌కు ఫోన్ చేసి అనుమతి అడిగారు. దొరకలేదు. ఆ సంభాషణను ఆయన టేపు మీద పట్టి ఉంచారు కాబట్టి ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఎంత మర్యాదగా, ఎంత పట్టుదలగా అడిగాడో నేటికీ వినవచ్చు. అందుకే రికార్డు మీద ఆయన పేరు లేకుండా 'ద క్రికెట్స్' అన్న బృందం పేరు వేశారు. చివరికి దాన్ని విడుదల చేసిన బ్రన్స్‌విక్ సంస్థ డెక్కాకు అనుబంధ సంస్థే కావడంతో తగవు పెద్దది కాకుండా సద్దుమణిగింది. బృందం పేరుతో వచ్చే పాటలు బ్రన్స్‌విక్ ద్వారా, బడీ హాలీ పేరుతో వచ్చేవి డెక్కాకే చెందిన కోరల్ అనే మరో సంస్థ ద్వారా విడుదల కావడం అలా మొదలైంది. నమూనాగా చేసిన టేపే రికార్డుగా అచ్చయింది, దానికి మెరుగులు దిద్దిన రెండో రూపం లేదు.


దరువు (రాజమహేంద్రవరం):

పాతరికార్డులు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే సమయం ఇచ్చినంత మాత్రాన పాట పుట్టదు కదా. ఆ సమయంలో ఏం చేయాలో తెలిసినవాళ్ళు కావాలి. నేను తాళవాద్యం వాయించేవాడిని, అందుకే జెర్రీ అలిసన్ గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

1956లో లబ్బాక్‌లో బడీ హాలీ, అలిసన్ ఇద్దరే కలిసి చాలా కచేరీలు చేశారు. ఒక గిటారు, ఒక డ్రమ్స్ సెట్టు, అంతే. పక్కన బేస్ గిటారు గానీ మరో గిటారు గానీ లేనప్పుడు గిటారు వాయించేవాడు ఒక్కొక్క స్వరం విడిగా మీటుతూ కూర్చుంటే పాట బోసిపోతుంది. అందుకే బడీ హాలీ తంత్రులన్నిటినీ కలిపి కిందికీ పైకీ గబగబా మీటుతూ, అందులోనే వరుసను కూడా పలికించడం అలవాటు చేసుకున్నారు. 'దటిల్ బీ ద డే', 'పెగీ సూ' పాటల మధ్యలో వచ్చే గిటారు భాగాలను వినండి. ఒంటరిగా నిలబడి పాటను మోసిన చేయి అది. ఆ నెలల సాధన లేకపోతే, క్లోవిస్‌లో ఎన్ని రాత్రులు ఇచ్చినా ఆ శబ్దం వచ్చేది కాదు. ఏడు నెలల్లో గాయకుడు ఎదిగాడా అని శ్రుతిపెట్టె గారు అడిగారు. ఎదిగాడనే నా జవాబు.

ఇక 'పెగీ సూ'. ఈ పాటకు ముందు పెట్టిన పేరు 'సిండీ లూ'. అది బడీ హాలీ అక్క కూతురి పేరు మీద వచ్చింది. నడక కూడా మొదట లాటిన్ తరహాలో మెల్లగా ఉండేది. అలిసన్ తన స్నేహితురాలి పేరు పెట్టమని కోరడంతో పాట పేరు మారింది, దానితోపాటు నడక కూడా మారింది. అలిసన్ వాయించినది డ్రమ్స్ నేర్చుకునేవారు మొదట్లో చేతులు తిరగడానికి సాధన చేసే పారడిడిల్ అనే పాఠం. కుడి, ఎడమ, కుడి, కుడి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. మన మృదంగ సాధనలో సరళి పాఠాలకు ఉన్న స్థానమే దానికీ ఉంది. దాన్ని పాట మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా తాళం కొట్టే తీరు మార్చకుండా, సింబల్స్ జోలికి పోకుండా, రెండున్నర నిమిషాలపాటు అదే వేగంతో వాయించడం ఎంత కష్టమో ప్రయత్నించి చూసినవారికి తెలుస్తుంది. రెండో నిమిషానికి మణికట్లు పట్టేస్తాయి.

ఆ హోరు బడీ హాలీ గొంతు ముందున్న మైకులోకి కూడా దూరుతుండటంతో, డ్రమ్స్‌ను స్టూడియో గది నుంచి తీసి ముందున్న వసారాలాంటి గదిలో పెట్టారు. పెటీ ఆ డ్రమ్స్ శబ్దాన్ని ప్రతిధ్వని గదిలోకి ఒకసారి పంపుతూ, మరొకసారి ఆపుతూ, పాట నడుస్తున్నంతసేపూ చేత్తో తిప్పుతూ కూర్చున్నారు. డ్రమ్స్ దగ్గరికి వచ్చి వెనక్కి వెళుతున్నట్టు, అలలాగా వినిపించేది అందుకే. ఇప్పుడైతే రికార్డు చేసిన తరువాత కంప్యూటరులో గీతలు గీసి ఆ పని చేస్తాం. అప్పుడు అది కూడా పాటతోపాటు వాయించాల్సిందే, అందులో తప్పు పడితే అందరూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇంకొక వివరం నాకు ఎంతో ఇష్టమైనది. ఈ పాట మధ్యలో గిటారు భాగం మొదలయ్యేటప్పుడు దాని ధ్వని ఒక్కసారిగా పదునెక్కుతుంది. అందుకోసం స్ట్రాటోకాస్టర్ గిటారు మీద ఉండే చిన్న మీటను జరపాలి. బడీ హాలీ కుడి చేయి క్షణం కూడా ఖాళీ లేకుండా మీటుతోంది కదా, ఆ మీటను జరిపేదెవరు? బృందంలోని రెండో గిటారు వాద్యకారుడు నికీ సల్లివన్ ఈ పాటలో గిటారు వాయించలేదు. ఆయన బడీ హాలీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సమయానికి ఆ మీటను ఒక వైపుకు, ఆ భాగం పూర్తి కాగానే మళ్ళీ ఇటువైపుకు జరిపారు. రికార్డు మీద ఆ పనికి పేరు ఉండదు. అయినా ఆ ధ్వని మార్పు లేకుండా ఈ పాటను ఊహించుకోలేం.

'ఎవ్రీడే' దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. అందులో డ్రమ్స్ లేవు, అలిసన్ అరచేతులతో తన మోకాళ్ళ మీద చరిచారు. చిన్న గంటలు మోగినట్టు వినిపించే సెలెస్టా వాద్యం, జో మాల్డిన్ వాయించిన నిలువు బేస్, మోకాళ్ళ చప్పుడు, గొంతు ప్రధానంగా వినిపిస్తాయి. 'నాట్ ఫేడ్ అవే'లో అలిసన్ అట్టపెట్టె మీద వాయించారు. 'వెల్ ఆల్ రైట్'లో సింబల్ ఒక్కటే వినిపిస్తుంది. పాటకు ఏం కావాలో అది వాయించారు, ఎదురుగా డ్రమ్స్ సెట్టు ఉంది కదా అని దాన్నంతా వాడేయలేదు. 'పెగీ సూ', 'ఎవ్రీడే' ఒకే రికార్డుకు రెండు వైపులుగా 1957 సెప్టెంబరులో వచ్చాయంటే, కొన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులో ఆలోచించండి.


లబ్బాక్‌లో చదువు (టెక్సస్):

నేను ఇక్కడ టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. మన తెలుగు విద్యార్థులు ఇక్కడ చాలామందే ఉన్నారు గానీ, ఈ ఊరికి ఉన్న ఈ చరిత్ర గురించి మా మధ్య ఎప్పుడూ మాట రాలేదు. ఒక ప్రొఫెసర్ గారు చెప్పాక ముందుగా అనుమతి తీసుకుని క్లోవిస్ స్టూడియో చూసి వచ్చాను. శ్రుతిపెట్టె గారు గది గురించి అడిగారు కాబట్టి అక్కడ తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను.

వీధి మీద నుంచి చూస్తే అది స్టూడియో అని ఎవరూ అనుకోరు. మామూలు చిన్న కట్టడం. పక్కనే పెటీ తండ్రి గారి మోటారు గ్యారేజీ ఉండేది. పగటిపూట వీధిలో లారీల రాకపోకల చప్పుడు మైకుల్లోకి వచ్చేది, అందుకే రికార్డింగు ఎక్కువగా రాత్రివేళ పెట్టుకునేవారు. దరువు గారు చెప్పిన ప్రతిధ్వని గది ఆ గ్యారేజీ పైభాగంలో ఉండేది. దాని పనితీరు చాలా సులువు. గట్టి గోడలున్న ఖాళీ గదిలో ఒక చివర స్పీకరు, మరో చివర మైకు పెడతారు. స్టూడియోలో పాడిన గొంతు ఆ స్పీకరులో మోగి, గోడలకు తగిలి, మైకు ద్వారా తిరిగి వచ్చి అసలు గొంతుతో కలుస్తుంది. 'ఐయామ్ గొన్నా లవ్ యూ టూ' పాట చివర ఒక కీచురాయి అరుపు వినిపిస్తుంది. అది ఆ గదిలో చేరిన కీచురాయే అని చెబుతారు. బృందం పేరైన 'క్రికెట్స్'కు ఇంగ్లీషులో అర్థం కూడా కీచురాళ్ళే కావడంతో దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు.

ఒక గొంతు మీద అదే గొంతును మరోసారి కలిపే పద్ధతిని కూడా వీళ్ళు 1957 ఏప్రిల్‌లోనే 'వర్డ్స్ ఆఫ్ లవ్' పాటలో వాడారు. అప్పట్లో ఒక్కో వాద్యాన్ని విడివిడిగా పట్టే అనేక ట్రాకుల యంత్రం అక్కడ లేదు. ఒక టేపు యంత్రం మీద ముందు పాడినదాన్ని మోగిస్తూ, దానితో కలిసి బడీ హాలీ మళ్ళీ పాడి, మళ్ళీ గిటారు వాయిస్తుంటే, ఆ రెండూ కలిసిన శబ్దం రెండో యంత్రం మీద పడేది. ఒకసారి కలిసిపోయాక గొంతును పెంచడం, గిటారును తగ్గించడం కుదరదు. పైగా కలిపిన ప్రతిసారీ టేపు రొద ఒక పొర చొప్పున పెరుగుతుంది. అందుకే ఏది ఎంత వినిపించాలో పాడే ముందే మనసులో తేల్చుకోవాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక బాధ కలిగించే సంగతి కూడా చెప్పాలి. పెటీ గారి చెవిని, చేతిని, ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ తన దగ్గర రికార్డు చేసిన పాటల రచయితల పేర్లలో తన పేరు చేర్చుకోవడం ఆయనకు అలవాటు. ప్రచురణ హక్కులు కూడా ఆయన సంస్థకే వెళ్ళేవి. 'దటిల్ బీ ద డే' రచయితలలో ఆయన పేరు ఉంది. ఆ పాట అంతకు ఏడు నెలల ముందే నాష్‌విల్‌లో పూర్తి రూపంలో రికార్డయింది కదా, మరి ఆయన రాసిందేమిటి? 'పెగీ సూ' మీద మొదట అలిసన్, పెటీల పేర్లే ఉండి, అసలు బడీ హాలీ పేరే లేదు. అది తరువాత చేరింది. గంటల లెక్కన రుసుము తీసుకోకపోవడం ఉదారతే, కానీ ఆ కుర్రవాళ్ళు ఆ సమయానికి మరో రూపంలో, ఎన్నో ఏళ్ళపాటు ధర చెల్లించారు. ఈ రెండో భాగం చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పడం నాకు సరిగా అనిపించదు.


శ్రుతిపెట్టె (విజయవాడ):

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను ఊహించిన దానికంటే ఎంతో లోతుగా చెప్పారు. మోకాళ్ళ మీద కూర్చుని మీట జరిపిన సంగతి చదివాక 'పెగీ సూ'ను మళ్ళీ విన్నాను. ఆ మార్పు జరిగే క్షణం ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

ఒక సందేహం మిగిలింది. పాతరికార్డులు గారు సమయమే ముఖ్యమన్నారు. మరి 'ఇట్ డజంట్ మ్యాటర్ ఎనీమోర్' న్యూయార్క్‌లో పెద్ద వాద్యబృందంతో, గడియారం చూసుకుంటూ చేసిన పాటే కదా? అది కూడా హిట్టే. అక్కడ మీ లెక్క ఎలా కుదురుతుంది?


పాతరికార్డులు (సికింద్రాబాద్):

న్యాయమైన సందేహమే. 1958 అక్టోబరు 21న న్యూయార్క్‌లోని పిథియన్ టెంపుల్ అనే భవనంలోని స్టూడియోలో, వాద్యబృంద నిర్వాహకుడు డిక్ జేకబ్స్ ఆధ్వర్యంలో, పద్దెనిమిది మంది వాద్యకారులతో ఆ సెషన్ జరిగింది. ఒక్క పూటలో నాలుగు పాటలు పూర్తయ్యాయి. వాద్యకారులందరూ ఎదురుగా కూర్చుని వాయిస్తుండగా బడీ హాలీ నిలబడి పాడారు. మీరు చెప్పిన పాటను అప్పటికి పదిహేడేళ్ళ వయసున్న గాయకుడు పాల్ ఆంకా రాసి, సెషన్ దగ్గర పడ్డాక తెచ్చి ఇచ్చారు. జేకబ్స్‌కు విస్తారంగా స్వరాలు రాసే వ్యవధి లేక, వయొలిన్లను కమానుతో కాకుండా వేళ్ళతో మీటించే తేలికపాటి ఏర్పాటు చేశారు. చివరికి ఆ పాటకు గుర్తుగా నిలిచింది ఆ మీటుడే.

కాబట్టి నా లెక్కను కొంత సవరించుకుంటాను. ఇరుకైన వ్యవధి కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది. కానీ 1956 జూలైలో నాష్‌విల్‌లో నిలబడిన మనిషి, 1958 అక్టోబరులో న్యూయార్క్‌లో నిలబడిన మనిషి ఒకరు కారు. మధ్యలో క్లోవిస్ రాత్రులు ఉన్నాయి. ఏ పాటను ఏ శ్రుతిలో, ఎంత మెల్లగా పాడితే తన గొంతు నిండుగా పలుకుతుందో ఆయన అక్కడ నేర్చుకుని వచ్చారు. అందుకే ముక్కూ మొహం తెలియని వాద్యకారుల మధ్య, ఆ రోజే చేతికందిన ఏర్పాటుతో, తొట్రుపడకుండా పాడగలిగారు. ఆ రికార్డు 1959 జనవరిలో విడుదలైంది. ఫిబ్రవరి 3న అయోవాలోని క్లియర్ లేక్ దగ్గర విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ళు. ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది ఏప్రిల్‌లో.

మీ ఇంటి గదిలో పని చేసేటప్పుడు పోల్చి చూసుకోవడానికి ఇంకొక పాట సూచిస్తాను. 'మేబీ బేబీ'ని కూడా రెండుసార్లు రికార్డు చేశారు. 1957 మొదట్లో క్లోవిస్‌లో చేసినది పక్కన ఉండిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు చివర కచేరీల యాత్ర మధ్యలో, ఓక్లహోమా సిటీ దగ్గరి టింకర్ వైమానిక స్థావరంలోని ఆఫీసర్ల క్లబ్బుకు పెటీ తన యంత్రాలను మోసుకొచ్చి, అక్కడ చేసిన రికార్డు హిట్టయింది. అంటే ఈసారి స్టూడియోనే లేదు. వెనుక పాడే గొంతులను మాత్రం ఆ టేపు క్లోవిస్‌కు చేరాక అక్కడ కలిపారు. రెండు రూపాలూ దొరుకుతాయి. ముందు డ్రమ్స్ మీద మాత్రమే దృష్టి పెట్టి ఒకసారి, తరువాత గొంతు మీద మాత్రమే దృష్టి పెట్టి మరొకసారి వినండి. మీకు ఏం వినిపించిందో ఇక్కడ రాస్తే, దరువు గారు, నేను అక్కడి నుంచి మాట్లాడుకుంటాం.